రోడ్ బైకు నుంచి ట్రై బైకుకు: రెండు బైకులు మార్చాక రాస్తున్న సమీక్ష

నాలుగేళ్లు రోడ్ బైకు తొక్కి, ఆ తర్వాత రెండు సీజన్లలో, ఈత, సైక్లింగ్, పరుగు వరుసగా చేసే ట్రయాథ్లాన్ పోటీల కోసం రెండు ట్రై బైకులు మార్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటి బైకును చూపు తిప్పుకోలేక కొన్నాను, ఏడు నెలల్లో అమ్మేశాను. రెండోది చూడటానికి సాదాగా ఉంటుంది, దాని మీద 90 కిలోమీటర్లు తొక్కి దిగి వెంటనే పరుగెత్తగలుగుతున్నాను. ఆ రెండింటి పేర్లూ ఇక్కడ చెప్పడం లేదు. మొదటి బైకు విషయంలో తప్పు తయారీదారుది కాదు, ఎంచుకున్న నాది. రెండోదాని పేరు చెబితే, నా శరీరానికి కుదిరిన బైకు తమ శరీరానికీ కుదురుతుందని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది. అందువల్ల బైకుల కంటే బైకును ఎంచుకునే పద్ధతినే ఎక్కువగా సమీక్షిస్తున్నాను.

రోడ్ బైకుకూ ట్రై బైకుకూ తేడా ఏమిటని అడిగితే చాలామంది ముంజేతులు ఆనించి పట్టుకునేలా ముందుకు పొడుచుకొచ్చిన ఏరో బార్లనే చూపిస్తారు. అసలు తేడా సీటు కింద ఉంటుంది. రోడ్ బైకులో సీటు గొట్టం నేలతో చేసే కోణం సాధారణంగా 72 నుంచి 74 డిగ్రీల మధ్య ఉంటుంది, ట్రై బైకులో అది 76 నుంచి 80 డిగ్రీల దాకా, కొన్నింటిలో అంతకంటే ఎక్కువగా కూడా ఉంటుంది. కాగితం మీద ఐదు డిగ్రీలు చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, పెడళ్ల ఇరుసు నుంచి సీటు దాకా ఎత్తు 75 సెంటీమీటర్లు ఉన్న మనిషికి 73 నుంచి 78 డిగ్రీలకు మారడమంటే, సీటు ఆరు సెంటీమీటర్లకు పైగా ముందుకు జరగడమే. మొండెం కిందికి వంగినప్పుడు తొడకూ పొట్టకూ మధ్య ఉండే కోణం మూసుకుపోకుండా, మనిషి మొత్తాన్ని పెడళ్ల ఇరుసు చుట్టూ ముందుకు తిప్పి కూర్చోబెట్టడమే ఈ కోణం చేసే పని. రోడ్ బైకు హ్యాండిల్‌కే ఏరో బార్లు బిగించి, సీటును ఉన్నచోటే ఉంచి ముంజేతుల మీదికి వాలినవారికి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా పొట్టకు తగలడం, ఊపిరి పైపైనే ఆడటం, గంట గడిచేసరికి నడుము పట్టేయడం తెలిసినవే.

ఇక్కడ చరిత్రలోని ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన పొరపాటు అది చదివాకే నాకు అర్థమైంది. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజున గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉండి, ఒక్కొక్కరు విడివిడిగా గడియారంతో పోటీపడే 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో లోరాన్ ఫిన్యోను దాటి, మొత్తం పోటీని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ రోజు అతని సైకిలు మీద ఉన్న ఏరో బార్లు స్కీయింగ్ శిక్షకుడైన బూన్ లెనన్ రూపొందించినవి. వాలు మీద జారే స్కీయర్లు చేతులను ముందుకు ముడుచుకుని ఒదిగే భంగిమే వాటికి మూలం. ట్రయాథ్లెట్లు ఆ బార్లను అప్పటికే వాడుతున్నారు. ఆ భంగిమలో మామూలు ఫ్రేమ్ మీద హాయిగా కూర్చోలేకపోవడం గమనించిన డాన్ ఎంప్‌ఫీల్డ్, తాను స్థాపించిన క్వింటానా రూ సంస్థ ద్వారా 1980ల చివర్లో నిటారైన సీటు కోణంతో ట్రయాథ్లాన్ కోసమే సైకిళ్లు చేయించాడు. అంటే ముందు భంగిమ వచ్చింది, దానికి తగిన ఫ్రేమ్ ఆ తర్వాత వచ్చింది. నేను ముందు ఫ్రేమ్ కొని, భంగిమను దానిలో ఇరికించాలని చూశాను.

ఈ భంగిమ కోసం ఇంత తాపత్రయం దేనికంటే, చదునైన దారి మీద సైకిలు తొక్కేవాడి శక్తిలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది, ఆ గాలిని అడ్డుకునేది కూడా సైకిలు కంటే మనిషే. మొత్తం గాలి నిరోధంలో ముప్పాతిక వంతు దాకా శరీరానిదే. నిరోధం వేగం వర్గంతో పెరిగితే, దాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 32కు వెళ్లాలంటే గాలి కోసమే ఇంచుమించు 21 శాతం ఎక్కువ శక్తి పెట్టాలి. అదే లెక్కను భంగిమ వైపు నుంచి చూద్దాం. శరీరం గాలికి ఎంత అడ్డం పడుతుందో చెప్పే సీడీఏ అనే కొలత రోడ్ బైకు బ్రేకు హుడ్‌ల మీద చేతులు పెట్టి కూర్చున్నప్పుడు 0.32 ఉండి, ఏరో బార్ల మీద 0.26కు తగ్గిందనుకుంటే, 30 కిలోమీటర్ల వేగం వద్ద గాలికి ఖర్చయ్యే శక్తి సుమారు 111 వాట్ల నుంచి 90 వాట్లకు పడిపోతుంది. వయసు వర్గాల్లో పోటీపడే ఔత్సాహికుడికి, అంటే ఒక మామూలు ఏజ్ గ్రూప్ పోటీదారుకు, 20 వాట్లు సంపాదించడానికి ఏడాది శిక్షణ పట్టవచ్చు.

ఆ భంగిమలో ఉన్నంతసేపే ఆ 20 వాట్లు మనవి. నా మొదటి బైకు మీద నేను 15 నిమిషాలకు మించి ముంజేతుల మీద ఉండలేకపోయేవాణ్ణి. మెడ నొప్పి పుట్టగానే లేచి, చేతులు బేస్ బార్ మీద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. బేస్ బార్ అంటే ఏరో బార్ల పక్కన రెండు వైపులా రెక్కల్లా ఉండే అడ్డ బారు, బ్రేకులు ఉండేది దాని మీదే. అక్కడ కూర్చుంటే ఛాతీ మొత్తం గాలికి ఎదురు నిలుస్తుంది, నా బైకులో గేర్లు మార్చే మీటలు ఏరో బార్ల కొసన మాత్రమే ఉన్నందున ప్రతి ఎగుడుకూ చేయి ముందుకు చాపవలసి వచ్చేది. లెక్క చూసుకుంటే, పాత రోడ్ బైకు మీద హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని తొక్కిన నేనే నయం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఆ బైకుకు కాదు, దాని మీద కూర్చున్న నాకు సరిగ్గా సరిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను, చాలామంది ఇక్కడే పడతారు. నా రోడ్ బైకు 56 సైజు కనుక ట్రై బైకు కూడా 56 అయితే చాలనుకున్నాను. రోడ్ బైకు సైజు అంకెకూ ట్రై బైకు సైజు అంకెకూ సంబంధం లేదు, ఒక సంస్థ మీడియంకూ మరో సంస్థ మీడియంకూ కూడా సంబంధం ఉండనక్కర్లేదు. చూడవలసిన మొదటి రెండు కొలతలు స్టాక్, రీచ్. పెడళ్ల ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్, అంటే ఫ్రేములో హ్యాండిల్ కాడ దూరే ముందు గొట్టం, పైభాగం దాకా నిలువుగా ఎంత ఎత్తుందో అది స్టాక్, అడ్డంగా ఎంత దూరముందో అది రీచ్. రోడ్ బైకు విషయంలో ఈ రెండూ తెలిస్తే చాలావరకు పని జరుగుతుంది. ట్రై బైకులో మాత్రం మనం ఆనుకునేది హ్యాండిల్ మీద కాదు, మోచేతి మెత్తల మీద, అంటే ఆర్మ్ ప్యాడ్ల మీద. కాబట్టి అసలు చూడవలసింది ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్: ఆ ప్యాడ్లు ఇరుసు నుంచి ఎంత ఎత్తులో, ఎంత ముందుకు ఉంటాయన్నది. మంచి తయారీదారులు ప్రతి సైజుకూ ఈ రెండింటి కనిష్ఠ, గరిష్ఠ అంకెలను పట్టిక రూపంలో ఇస్తారు. ఇవ్వని బైకును, ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టమనే నా సలహా.

మొదటి బైకును అమ్మిన తర్వాత, రెండోది కొనకముందే, శరీరానికి తగ్గట్టు బైకు కొలతలు సర్దే ఒక ఫిట్టర్ దగ్గరికి వెళ్లాను. సీటు, ప్యాడ్లు, పెడలును ఇరుసుకు కలిపే క్రాంకు అన్నీ ఎటు కావాలంటే అటు జరిగే ఒక ఫిట్టింగ్ సైకిలు మీద నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నా ఎత్తు గురించి కాదు. "మీరు ఎంత దూరం పోటీలు చేస్తారు? సైకిలు దిగాక ఎంత దూరం పరుగెత్తాలి?" అని అడిగారు. 90 కిలోమీటర్ల సైక్లింగ్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు అని చెప్పాను. అప్పుడు ప్యాడ్లను మెల్లమెల్లగా కిందికి దించుతూ, ప్రతి మెట్టులోనూ పోటీలో తొక్కే బలంతోనే తొక్కిస్తూ, ఎక్కడ నా శ్వాస కురచబారుతుందో, ఎక్కడ తుంటి అటూ ఇటూ ఊగుతుందో చూశారు. చివరికి నా ప్యాడ్ స్టాక్ 640 మిల్లీమీటర్లు, ప్యాడ్ రీచ్ 465 మిల్లీమీటర్లు అని తేలింది. ఇంటికొచ్చి మొదటి బైకు పట్టిక వెతికి చూస్తే, ఆ సైజులో ప్యాడ్లను ఎత్తే బిళ్లలైన స్పేసర్లన్నీ పేర్చినా ప్యాడ్లు 605 మిల్లీమీటర్లు దాటవు. మూడున్నర సెంటీమీటర్ల లోటును నేను ఏడు నెలలపాటు మెడతో పూడ్చే ప్రయత్నం చేశానన్నమాట.

ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే కొనుగోలు చాలా తేలికైపోతుంది. బైకు ప్యాడ్ పరిధి మధ్య భాగంలో మన అంకె పడాలి. పరిధి అంచున పడితే ఈ రోజుకు సరిపోతుంది కానీ, ఆరు నెలల్లో ఒంటికి వంగడం అలవాటై ప్యాడ్లు కాస్త దించాలన్నా, నడుముకు దెబ్బ తగిలి కాస్త పెంచాలన్నా చోటుండదు. తక్కువ స్టాక్ ఉన్న ఫ్రేమ్ వేగవంతమైనదని, ఎక్కువ స్టాక్ ఉన్నది నెమ్మదైనదని ఒక అపోహ వాడుకలో ఉంది. అవే ప్యాడ్లు, అదే ఎత్తులో, పొట్టి ఫ్రేమ్ మీద పది సెంటీమీటర్ల స్పేసర్ల గుట్టపై ఉన్నా, పొడవాటి ఫ్రేమ్ మీద రెండు స్పేసర్లపై ఉన్నా మనిషి గాలికి ఎదురయ్యే తీరు ఒకటే. రెండో దానిలో ముందు భాగం ఊగడం తక్కువ.

క్రాంకు పొడవు గురించి ఇంత మాట్లాడవలసి వస్తుందని అనుకోలేదు. నా రోడ్ బైకులో అది 172.5 మిల్లీమీటర్లు. ఫిట్టర్ 165 వేసి చూపించారు. క్రాంకు 7.5 మిల్లీమీటర్లు కురచైతే పెడలు కిందికి వచ్చినప్పుడు అంత ఎత్తులోనే ఆగుతుంది కనుక సీటును అంతే పైకి లేపాలి. పెడలు పైకి వెళ్లినప్పుడు మళ్లీ అంతే కిందే ఉంటుంది. రెండూ కలిసి, తొడ అత్యంత పైకి వచ్చే క్షణంలో పాదానికీ సీటుకూ మధ్య 15 మిల్లీమీటర్ల అదనపు చోటు దొరుకుతుంది. తుంటి కోణం మూసుకుపోకుండా మొండాన్ని ఇంకాస్త దించే వెసులుబాటు అక్కడే ఉంది. పొడవు తగ్గితే బలం తగ్గుతుందన్న భయం నాకూ ఉండేది. వాస్తవంలో నేను ఒక గేరు తేలికగా వేసుకుని, నిమిషానికి కొన్ని చుట్లు ఎక్కువ తొక్కడం తప్ప వేరే మార్పు గమనించలేదు. ట్రై బైకు కొనే ఆలోచన లేనివారు కూడా, ఉన్న రోడ్ బైకుకు ఏరో బార్లు బిగించేముందు ఈ మార్పు చేసి చూడవచ్చు.

సీటు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. ముందుకు వాలినప్పుడు కటి కూడా ముందుకు తిరుగుతుంది, బరువు కూర్చునే ఎముకల మీద నుంచి సున్నితమైన భాగం మీదికి జరుగుతుంది. రోడ్ బైకు సీటు మీద ఈ భంగిమలో గంటసేపు కూర్చున్నవారికి తిమ్మిరి ఎక్కడం మామూలే, దాన్ని సహించడం గొప్ప కాదు, మంచిది కూడా కాదు. ముక్కు రెండుగా చీలి, పొట్టిగా ఉండే సీట్లు దీనికోసమే వచ్చాయి, ఐఎస్ఎమ్ అనే సంస్థ ఈ తరహాకు పేరు తెచ్చింది. నేను మూడు సీట్లు మార్చాను, మూడోది కుదిరింది. బైకు మొత్తం ఖర్చులో సీటు వాటా చాలా చిన్నది, కానీ ముంజేతుల మీద ఎంతసేపు ఉండగలమన్నది దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. బైకుతో వచ్చిన సీటునే వాడి తీరాలన్న పట్టుదల వద్దు.

నడక తీరుకు వద్దాం. ట్రై బైకు రోడ్ బైకులా తిరగదు. బరువు ముందు చక్రం వైపుకు జరుగుతుంది, మోచేతులు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక హ్యాండిల్‌ను అదుపు చేసే పట్టు తగ్గుతుంది. ట్రై ఫ్రేమును రూపొందించేవారు ముందు చక్రాన్ని రోడ్ బైకులో కంటే కాస్త ముందుకు జరిపి ఈ బరువును సర్దుతారు. రోడ్ బైకు సీటును ముందుకు నెట్టి ఏరో బార్లు వేస్తే ఆ సర్దుబాటు ఉండదు, అందుకే దిగుడులో అది తొట్రుపడుతున్నట్టు అనిపిస్తుంది. ట్రై బైకు నేరుగా పోయే దారిలో పట్టాలెక్కినట్టు పోతుంది, కానీ మలుపులో మొండికేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ముంజేతుల మీద ఉన్నప్పుడు బ్రేకులు చేతికింద ఉండవు. కుక్క అడ్డం వచ్చినా, ముందువాడు ఆగినా, చేయి బేస్ బార్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం అదనం. గుంపులో తొక్కేటప్పుడు ఏరో బార్ల మీద వాలడం ఎంత ఆరితేరినవారికైనా తగదు. నాకు ఈ బైకు మీద ధీమా కుదరడానికి రెండు నెలలు పట్టింది. ఖాళీ దారి మీద ఒక చేత్తో సీసా తీసి తాగడం, వెనక్కి తిరిగి చూడటం, గాలి పక్కనుంచి కొట్టినప్పుడు బిగుసుకోకుండా ఉండటం, ఇవన్నీ మళ్లీ నేర్చుకున్నాను.

పక్కగాలి అనగానే చక్రాల మాట వస్తుంది. లోతైన రిమ్ము, వెనక పూర్తిగా మూసుకుపోయిన డిస్క్ చక్రం చూడటానికి ముచ్చటగా ఉంటాయి, వేగాన్ని కూడా ఇస్తాయి. కానీ గాలి విపరీతంగా వీచే హవాయిలోని కోనాలో, ఐరన్‌మ్యాన్ అనే అతిదూర ట్రయాథ్లాన్ ప్రపంచ పోటీలో డిస్క్ చక్రాలను ఏళ్లపాటు అనుమతించలేదు. ముందు చక్రం ఎంత లోతుగా ఉంటే గాలికి హ్యాండిల్ అంత లాగేస్తుంది కనుక, తేలికపాటి బరువున్నవారు ముందు 50 మిల్లీమీటర్ల దగ్గరే ఆగడం మంచిది. గాలికి భయపడి లేచి కూర్చుంటే చక్రం ఇచ్చిన లాభం భంగిమ తినేస్తుంది. టైర్ల గురించి ఒక్క మాట: మంచి మెత్తటి 28 మిల్లీమీటర్ల టైర్లకు మారడం ఖరీదైన చక్రాల కంటే ముందు చేయవలసిన పని.

ముందు భాగాన్ని, అంటే హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్, బేస్ బార్, ఏరో బార్లు, కేబుళ్లు అన్నీ కలిసిన నిర్మాణాన్ని కొనుగోలులో అత్యంత జాగ్రత్తగా చూడాలి. ఇక్కడే నా మొదటి బైకు రెండోసారి నన్ను ఏడిపించింది. దానిలో కేబుళ్లన్నీ ఫ్రేము లోపలే పోతాయి, వెనక రిమ్ము బ్రేకు ఇరుసు వెనక, కింద దాగి ఉంటుంది. చూపుకు ఒక్క తీగ కనిపించదు. వానలో తొక్కిన ప్రతిసారీ ఆ బ్రేకులోకి బురద చేరేది, దాన్ని శుభ్రం చేయాలంటే క్రాంకు ఊడదీయాలి. ప్యాడ్లు ఒక సెంటీమీటరు పెంచుదామంటే కేబుల్ పొడవు చాలక మొత్తం కొత్తగా వేయించవలసి వచ్చింది. ఒక సాయంత్రం మెకానిక్ నా వైపు చూసి, "సార్, ఇంత అందంగా దాచినవాడు దీన్ని ఎప్పుడూ బాగుచేయక్కర్లేదనుకున్నాడు" అన్నాడు. ఇప్పటి డిస్క్ బ్రేకు బైకులు ఆ దాగుడుమూతలు చాలావరకు మానేశాయి. అయినా కొనేముందు అడగవలసిన ప్రశ్నలున్నాయి: ప్యాడ్ల ఎత్తు మార్చడానికి బ్రేకు గొట్టాన్ని విప్పాలా, కేవలం నాలుగు మరలు విప్పితే చాలా? విమానంలో తీసుకెళ్లడానికి హ్యాండిల్‌ను ఎంతవరకు ఊడదీయాలి? ఏ మరకు ఎంత బిగువు పెట్టాలో పుస్తకంలో స్పష్టంగా ఉందా? నా రెండో బైకులో నాలుగు మరలతో ప్యాడ్లు పైకీ కిందికీ కదులుతాయి, ఈ ఒక్క కారణానికే దాన్ని మళ్లీ కొంటాను.

గేర్ల విషయంలో విద్యుత్ మీటలకు నేను మొదట్లో విముఖుణ్ణి. రోడ్ బైకులో అవి సౌఖ్యం మాత్రమే అని ఇప్పటికీ అనుకుంటాను. ట్రై బైకులో మాత్రం లెక్క వేరు. షిమానో డీఐ2, స్రామ్ ఏఎక్స్ఎస్ వంటి వాటిలో ఏరో బార్ల కొసన ఒక జత బొత్తాలు, బేస్ బార్ మీద బ్రేకుల దగ్గర మరో జత బొత్తాలు పెట్టుకోవచ్చు. ఎగుడులో లేచి నిలబడి తొక్కుతూ కూడా గేరు మార్చగలగడం వల్ల భంగిమ మార్చినప్పుడల్లా లయ చెదరదు. లోతైన చక్రాల కోసం పెట్టే డబ్బును ముందు ఇక్కడ పెట్టమంటాను.

కొన్ని పేర్లు చెప్పక తప్పదు, వాటిలో వేర్వేరు ఆలోచనలు కనిపిస్తాయి. క్యానియన్ స్పీడ్‌మ్యాక్స్ సీఎఫ్, సీఎఫ్ ఎస్ఎల్ఎక్స్, సీఎఫ్ఆర్ అని అంచెలుగా వస్తుంది, పై అంచెల్లో తాగునీటి సంచి ఫ్రేములోనే ఇమిడి ఉంటుంది, కింది అంచె సీఎఫ్ దానికంటే సరళం. ఆ సంస్థ నేరుగా కొనేవారికే పంపుతుంది కనుక ఎక్కి చూసి కొనే వీలు అందరికీ ఉండదు, ప్యాడ్ అంకెలు ముందే తెలిసి ఉండవలసిన అవసరం ఇంకా పెరుగుతుంది. ట్రెక్ స్పీడ్ కాన్సెప్ట్ 2021లో వచ్చిన తరంతో డిస్క్ బ్రేకులకు మారడంతోపాటు, సీటు గొట్టం దగ్గర కుదుపును మింగే ఐసోస్పీడ్ ఏర్పాటును తెచ్చింది, గరుకు దారుల్లో ఎక్కువసేపు ఒకే భంగిమలో ఉండేవారికి అది పనికొచ్చే ఆలోచన. సర్వెలో సంస్థ 2016లో కోనాలో పీ5ఎక్స్‌ను చూపించినప్పుడు మామూలు సైకిలు ఆకారాన్నే వదిలేసి సామాన్లు, తిండి, నీళ్లు పెట్టుకునే అరలకు పెద్దపీట వేసింది. వెంటమ్ వన్ అనే బైకు కింది గొట్టాన్నే తీసేసి, 1.4 లీటర్ల నీటి తొట్టిని ఫ్రేము పైన పరిచింది. ఇంతటి స్వేచ్ఛ ఎలా వచ్చిందంటే, సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పెట్టే నియమాలు, అంటే సీటును ఒక పరిమితిని మించి ముందుకు జరపకూడదు, ఫ్రేము సంప్రదాయ త్రిభుజంలా ఉండాలి వంటివి, ఐరన్‌మ్యాన్ తరహా పోటీలకు వర్తించవు. టైమ్ ట్రయల్ సైకిళ్ల పోటీల్లో కూడా పాల్గొనాలనుకునేవారు ఈ చిత్రమైన ఆకారాల జోలికి పోకూడదు.

ఇంతకంటే పెద్ద నియమం ఇంకొకటుంది, దాన్ని మొదటే చెప్పవలసింది. ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కడాన్ని అనుమతించే పోటీల్లో, ఒలింపిక్ తరహా ఉన్నత స్థాయి పోటీలు ఆ కోవలోవే, ట్రై బైకును రానివ్వరు. వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైకే కావాలి. గాలి చాటును నిషేధించే పోటీలకే ట్రై బైకు. ఐరన్‌మ్యాన్‌లో ఏజ్ గ్రూప్ వారు ముందువారికి 12 మీటర్ల దూరం పాటించాలి, ఆ పరిధిలోకి వెళితే 25 సెకన్లలో దాటేయాలి. మీరు చేయాలనుకునే పోటీ ఈ రెండింటిలో ఏ రకమో తెలుసుకోకుండా బైకు చూడటానికి బయల్దేరవద్దు.

ట్రై బైకు వద్దని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. 20 కిలోమీటర్ల సైక్లింగ్ ఉండే స్ప్రింట్ పోటీలే చేసేవారికి, ఇంట్లో ఒక్క సైకిలుకే చోటున్నవారికి, ఎక్కువగా గుంపులో తొక్కేవారికి, పాము మెలికల కొండదారుల్లో పోటీ చేసేవారికి మంచి రోడ్ బైకుకు పొట్టి ఏరో బార్లు బిగించుకోవడమే మేలు. సీటు కాస్త ముందుకు, క్రాంకు కాస్త పొట్టిగా, సీటు ముక్కు చీలినదిగా మార్చుకుంటే ట్రై బైకు లాభంలో చెప్పుకోదగ్గ వాటా దక్కుతుంది. మూడింట రెండొంతులు అనాలని ఉంది కానీ, అది నా ఊహే కనుక అంకెగా రాయను. ట్రై బైకులు సాధారణంగా అదే స్థాయి రోడ్ బైకు కంటే ఒకటి రెండు కిలోలు బరువుగా కూడా ఉంటాయి, చదునైన దారిలో అది లెక్కలోకి రాదు, నిలువు ఎగుడులో వస్తుంది.

పాత బైకు కొనేవారికి ఒక జాగ్రత్త. ట్రై బైకుల్లో సీటు కాడ, దాన్ని బిగించే క్లాంపు, స్టెమ్, స్పేసర్లు చాలావరకు ఆ ఒక్క మోడల్‌కే సరిపోయేవి. తయారీ ఆగిపోయిన బైకుకు ఒక్క స్పేసరు దొరకక మూలన పడటం నేను చూశాను. ప్యాడ్లు పెంచే స్పేసర్లన్నీ అమ్మేవారి దగ్గర ఉన్నాయో లేదో లెక్కపెట్టి తీసుకోండి. కార్బన్ ఫ్రేములో సీటు బిగించే చోటా, ఇరుసు చుట్టూ పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి. మామూలు స్టెమ్ వేసుకోగల పాత అల్యూమినియం బైకు, మీ ప్యాడ్ అంకెలకు సరిపోతే, సరిపోని కొత్త కార్బన్ బైకు కంటే వేగంగా తీసుకెళుతుంది.

రెండో బైకు ఫలితం చెప్పి ముగిస్తాను. రోజూ తొక్కే ఒకే 90 కిలోమీటర్ల దారిలో, తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటరులో దాదాపు అదే శక్తితో, రోడ్ బైకు మీద గంటకు సగటున 30.4 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 32.1 వస్తోంది. అంటే తొమ్మిది నిమిషాలకు పైగా తేడా. ఆ మధ్యలో టైర్లు కూడా మార్చాను కనుక మొత్తం ఘనత బైకుకే ఇవ్వను. దిగాక పరుగులో మొదటి మూడు కిలోమీటర్లు కాళ్లు మునుపటి కంటే తేలికగా కదులుతున్నాయి, ఇది గడియారం కంటే నాకు ఎక్కువ సంతోషమిచ్చింది. మెడ నొప్పి మొదటి ఆరు వారాలు ఉంది, ఇప్పుడు గంటన్నర దాటితేనే తెలుస్తుంది. రోడ్ బైకును అమ్మలేదు, గుంపుతో తొక్కే రోజున దాన్నే బయటికి తీస్తాను. ప్యాడ్ల కింద ఇప్పుడు నాలుగు స్పేసర్లున్నాయి, వచ్చే సీజన్ మొదలయ్యేలోగా వాటిలో ఒకటి తీసి చూడాలని ఫిట్టర్, నేను అనుకున్నాం.